మేనమామ తేవాల్సిన చీర

టీచరు ఉద్యోగం నుంచి రిటైరైన మరుసటి ఏడు నుంచి నేను ప్రతి శనివారం కామారెడ్డిలో ఒక పిల్లల డాక్టరుగారి క్లినిక్ పైగదిలో కూర్చుంటున్నాను. మేం నలుగురం. చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురైనవాళ్ళు, ఇప్పుడు ముప్పై, నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్నవాళ్ళు మా దగ్గరికి వస్తారు. మేం వైద్యం చేయం. వింటాం. డాక్టరు దగ్గరికో, పోలీస్ స్టేషనుకో, సొంత ఇంటికో ఒంటరిగా వెళ్ళలేమంటే తోడు వెళ్తాం. కింద ఎప్పుడూ పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఉంటారు కాబట్టి మెట్లెక్కే ఆడవాళ్ళను ఎవరూ పట్టించుకోరు.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు గది బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. ఎల్లారెడ్డిలో బట్టలు కుడుతుంది. పుట్టిల్లు నాగిరెడ్డిపేట దగ్గర పల్లె. చాలాసేపు తన బిడ్డ గురించే మాట్లాడింది. బిడ్డ పెద్దమనిషి అయింది, వచ్చే నెలలో చీర కట్టించే ఫంక్షన్ పెట్టుకున్నారు.

"మేనమామ చీర తేవాలె గద మేడం," అంది. "నాకు తోడవుట్టినోళ్ళు లేరు. అన్న వరసైన మా పెద్దబాపు కొడుకే వస్తడు. పిల్ల భుజాల మీద చీర కప్పుతడు. అది నేను చూడలేను."

నాకు అర్థమైంది. ఆమె ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మొదలైందట. ఊళ్ళో ఆమె ఇంటికీ ఆ పెద్దబాపు ఇంటికీ ఒకటే పశువుల కొట్టం. మూడేళ్ళపాటు సాగింది. అంతకుమించి ఆమె చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. మాకు శిక్షణ ఇచ్చినప్పుడు ఎప్పటికీ అడగకూడదని చెప్పిన మాట. ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని అడిగిన అలవాటుతో నోరు జారింది.

"అప్పుడే ఇంట్లో చెప్పి ఉండాల్సింది కదమ్మా?"

ఆమె లేచింది. సంచీ తీసుకుంది. "బస్సు టైమయింది మేడం," అని మెట్లు దిగిపోయింది.

పక్కన కూర్చున్న, మా నలుగురిలో ఒకరైన అక్క, నర్సుగా చేసి రిటైరైనావిడ, నా వైపు చూసి నెమ్మదిగా అంది, "తప్పంతా ఆ పిల్లదే అన్నట్టు వినపడ్డది." నాకు సిగ్గేసింది.

మామూలుగా మేం ఎవరినీ వెతుక్కుంటూ వెళ్ళం. వాళ్ళ ఇంట్లో తెలియకూడదని ఉండొచ్చు. కానీ ఆమె ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, "నిన్ను నొప్పించిన. వచ్చి క్షమించమని అడగొచ్చా?" అన్నాను. "జాకెట్టు కుట్టించుకునేతందుకు వచ్చినట్టు రాండ్రి," అంది.

సోమవారం ఎల్లారెడ్డి బస్సెక్కాను. నా జాకెట్టు గుడ్డ ఆమె చేతిలో పెట్టి, నేనన్నది తప్పని చెప్పాను. ఆమె టేపుతో నా భుజాలు కొలుస్తూ, నా వెనక నిలబడి మాట్లాడింది. ముఖాలు ఎదురుగా లేకపోవడం ఇద్దరికీ సులువైంది.

"చెప్పిన మేడం. నన్ను కన్న మా అవ్వకు గప్పుడే చెప్పిన. నా నోరు మూసింది. ఎవ్వలకన్న చెప్తే మనల్ని ఊర్ల ఉండనియ్యరు అన్నది. మీరు అడిగినప్పుడు అదే చెయ్యి మళ్ళ నా నోటి మీద పడ్డట్టయింది."

ఏం కావాలని అడిగాను. కేసు పెట్టే దారి ఉంది, పెడితే వెంట ఉంటాం, పెట్టకపోయినా వెంట ఉంటాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆయన చెయ్యి నా బిడ్డ మీద పడొద్దు. గంతే. అది కావాలంటే మా ఆయనకు చెప్పాలె. మీరు పక్కన కూసుంటరా?"

ఆదివారం పొద్దున కూర్చున్నాను. ఆమె భర్త రైస్ మిల్లులో పనిచేస్తాడు. బిడ్డను పక్కింటికి పంపి, ఆమె నాలుగైదు మాటల్లో చెప్పింది. అతను నేలనే చూస్తూ విన్నాడు. చివరికి, "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"భయపడ్డ. నన్ను ఇడిచిపెడ్తవనుకున్న."

అతను లేచి వాకిట్లోకి వెళ్ళాడు. నీళ్ళ కుండీ దగ్గర ముఖం కడుక్కున్నాడు. నీళ్ళు చల్లుకుంటూనే ఉన్నాడు, ఎంతసేపటికీ ఆగడు. ఆమె గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. అతను తడి ముఖంతోనే లోపలికి వచ్చి, ఆమె ముందు కూర్చుని, "నన్నేం జెయ్యమంటవో చెప్పు," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే అతను ఆ పెద్దబాపు కొడుక్కి ఫోన్ చేశాడట. "బావా, ఫంక్షనుకు నువ్వు రావద్దు." అవతలివాడు ఎందుకన్నాడు. "ఎందుకో నీకెరుకే," అని పెట్టేశాడు.

ఆమె తల్లి మాత్రం రెండు రోజులు గొడవ పెట్టుకుంది. మేనమామ లేకుండా ఫంక్షన్ చేస్తే నలుగురూ ఏమనుకుంటారని. "అవ్వా, నేను అప్పుడు నీకు చెప్పింది నీకు యాదికుందా?" అని కూతురు అడిగితే, ముసలావిడ లేచి వెళ్ళి పడుకుందట. ఫంక్షన్ రోజు తెల్లవారగానే ఒక ఆకుపచ్చ పట్టుచీర తీసుకుని వచ్చింది. తానే మనవరాలి భుజాల మీద కప్పింది. చుట్టాలు గుసగుసలాడారు. తప్పయిందన్న మాట ఆవిడ నోటి నుంచి ఇప్పటికీ రాలేదు.

"ఆ మాట వస్తదని చూస్తున్నవా?" అని ఒకసారి అడిగాను.

"చూస్తున్న మేడం. రాకుంటె ఏం జేస్త? చీర తెచ్చింది గద."

ఆమె ఇప్పటికీ శనివారాలు వస్తుంది. కొన్ని వారాలు నవ్వుతూ వస్తుంది, కొన్ని వారాలు వరుసగా నిద్ర లేని కళ్ళతో. ఫంక్షన్ అయిపోగానే బాధ తీరిపోతుందని నేను లోలోపల ఆశపడ్డాను. అలా జరగలేదు. నర్సక్క ఆమెను కామారెడ్డిలోనే ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు వాడుతోంది.

పోయిన నెల వచ్చీ రాగానే, "మా పెద్దబాపు కొడుకింట్ల ఆరేండ్ల మనవరాలుంది మేడం. దాన్ని తలుచుకుంటె నిద్ర వడ్తలేదు," అంది. ఇలాంటి సంగతి తెలిసి ఊరుకోకూడదని, పిల్లల రక్షణ చూసే అధికారులకు మేం చెప్తామని అన్నాను. ఒప్పుకుంది. కానీ ముందు ఆ పిల్ల తల్లికి తానే చెప్తానంది. రామారెడ్డిలో పుట్టింటికి వచ్చి ఉన్న అతని కోడలి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆ అమ్మాయి విన్నంతసేపూ కూతుర్ని ఒళ్ళోంచి దించలేదు. ఏ ప్రశ్నా అడగలేదు.

చివరికి, "నువ్వు చెప్పినవు, మంచిగ చేసినవు అత్తమ్మా," అంది. లేచి ఇద్దరికీ చాయ్ పెట్టింది.