తర్బగాన్ చేసిన నేరం

రాజ్యాలు పుట్టాయి, గిట్టాయి. మంగోల్ గడ్డినేల మీద గొంబోసురేన్ తాత తీర్పు మాత్రం మారలేదు. నలభై ఏళ్ళుగా ఎవరి గుర్రం కుంటినా ఆయన తేల్చే కారణం ఒక్కటే: తర్బగాన్ బొరియలో కాలు పడింది. తర్బగాన్ అంటే పిల్లికన్నా లావుండే నేల ఉడుత. ఇంత చిన్న మాట చెప్పడానికి ఆయనకు సరిగ్గా ఐదు రోజులు పట్టేది. న్యాయం తొందరపడకూడదు కదా.

ఆ వేసవిలో ఒయూన్ వాళ్ళ రెండేళ్ళ బూడిద గుర్రం వెనక ఎడమకాలు ఈడ్వడం మొదలుపెట్టింది. గాయం లేదు, వాపు లేదు, గిట్టలో రాయి లేదు. ఒయూన్ భర్త బాదర్చ్ ఆ కాలిని పదకొండుసార్లు పిసికాడు. గుర్రం అతన్ని రెండుసార్లు తన్నింది.

"ఇక నావల్ల కాదు. మంచు పడేలోగా నడక కుదరకపోతే చలికాలం మాంసంలో కలిపేద్దాం" అన్నాడు తొడ రుద్దుకుంటూ.

తల్లి చచ్చిపోతే ఒయూన్ పాలు పట్టి బతికించిన పిల్ల అది. ఆమె తాతకు కబురు పంపింది.

తాత వచ్చాడు. ఉప్పు వేసిన పాలటీ నాలుగు గిన్నెలు తాగాడు. లేచి, గుర్రం ముందరి కుడికాలు పట్టుకున్నాడు.

"తాతా, కుంటేది అది కాదు."

"నాకూ కళ్ళున్నాయమ్మాయ్. ముందు సాక్షుల్ని విచారించాలి. ముద్దాయిని చివర్న."

"సాక్షులు ముగ్గురున్నారుగా?"

"రోజుకొకరు. టీ ఉందా ఇంకా?"

పొయ్యిలోకి పిడకలు ఏరుకొచ్చేదీ, పూటకు పదిసార్లు టీ కాచేదీ ఒయూనే. ఆమె నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు ఆవిరి తోడైతే టీ దానంతటదే కాగేది.

తాత ఆ రోజే ఇంకో ఆజ్ఞ జారీ చేశాడు. "విచారణ పూర్తయ్యేదాకా ముద్దాయికి సంకెళ్ళు ఉండకూడదు." మేతకు వదిలిన గుర్రం దూరం పోకుండా ముందు కాళ్ళు రెంటినీ, వెనక ఎడమకాలినీ కలిపి కట్టిన తోలు బందాన్ని విప్పి, చుట్టి, అంగీలో దోపుకున్నాడు. "ఇది సాక్ష్యం."

పొయ్యి పక్క నుంచి ఒయూన్ అత్తగారు దుల్మా కేకేసింది. చూపు మసకబారి ఆమెకు మూడేళ్ళయింది.

"మరిదీ, జాగ్రత్త! చలికాలమంతా తడుముకుంటూ అల్లాను. ఈ చేతులింకా పనికొస్తాయని చెప్పడానికి నాకు మిగిలింది అదొక్కటే."

"కోర్టు సొత్తు వదినా, ఎక్కడికి పోతుంది?"

బందం లేని గుర్రం ఊరుకుంటుందా? దాని వెనక గుట్టలన్నీ ఒయూనే తిరిగింది. నాలుగో రోజుకు గుర్రం కుంటడం తగ్గింది, ఒయూన్ కుంటడం మొదలైంది.

ఐదో రోజు తాత గొంతు సవరించుకున్నాడు.

"తర్బగాన్."

"ఎక్కడ? బొరియ చూపించు, పూడ్చేస్తాను" అన్నాడు బాదర్చ్.

"దొంగ చిరునామా వదిలి వెళ్తాడట్రా?"

బందాన్ని తాత దుల్మా చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళతో కొస నుంచి కొస దాకా తడిమింది, ముఖం వెలిగిపోయింది. "చూశావా అల్లిక! వంక పెట్టగలవా?"

"ఎవరి తరం వదినా."

ఒయూన్ ఆ బందం తీసుకెళ్ళి గుర్రానికి వేసింది. వేస్తూ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ వెనకకాలు పొట్ట కిందికి లాగేసినట్టుండేది. ఇవాళ గుర్రం తిన్నగా నిలబడింది. వెనకకాలి పట్టీలో జానెడు కొత్త తోలు కలిసింది. మసక చూపుతో అత్తగారు వేసినట్టే, అదే వంకర ముడితో.

తాత అప్పటికే తన గుర్రమెక్కాడు. ఆమె కళ్ళెం పట్టుకుంది.

"తాతా, బందం పొట్టిదైందని మొదటిరోజే..."

"తర్బగాన్ అన్నానా లేదా?"

"మరి నిరుడు మా ఆయన తాగి పరిగెత్తించాక గోధుమ గుర్రం కుంటిందే?"

"అదీ తర్బగానే. చెడ్డ జంతువమ్మాయ్. వదులు, టీ వేళ దాటిపోతోంది."

ఐదు రోజుల తర్వాత ఒయూన్ మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కుంటుకుంటూ పిడకలకు బయల్దేరింది.

ఆ లోయలో తర్బగాన్ కనబడి పద్దెనిమిదేళ్ళయింది.