ఎరువు తెచ్చిన చెరువు

మొన్న మనవరాలి అడ్మిషన్ కోసం ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీకి వెళ్ళినప్పుడు, ఆఫీసు గదిలో కుర్చీ చూపించి కూర్చోమన్నారు గానీ నేను కూర్చోలేదు. ఎదుటి గోడ మీద మా ఊరి పెద్దచెరువు నిండుగా కనిపించేసరికి కాళ్ళు అటే నడిచాయి. నిలువెత్తు బొమ్మ, మెరిసే అద్దం, మూలన కాలేజీ పేరు. ఉద్యోగం దిగిపోయి ఇన్నేళ్ళయినా చెయ్యి పాత అలవాటు మానలేదేమో, ఫ్రేము అంచు కొంచెం ముందుకు లాగి వెనక తడిమి చూశాను. ఇది ఎవరి దగ్గర తెచ్చారమ్మా, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అని అక్కడ కూర్చున్న పిల్లను అడిగితే, ఆ పిల్ల నావైపు జాలిగా చూసి, "ఆన్‌లైన్ల కొన్నం మేడం, వాపస్ ఇచ్చుడేంది?" అంది. మనవరాలు సిగ్గుతో తల దించుకుంది. బొమ్మల వెనక చీటీ వెతకడం నా పాత పని అని దానికి ఏదో సర్దిచెప్పాను.

నా ప్రశ్న నా ఈడువాళ్ళకైనా అర్థమవుతుందన్న ఆశతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పనిచేశాను, రోజూ ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు బస్సులో వెళ్ళి వస్తూ. చిత్రలేఖనం చదివిన పిల్లలు వదిలి వెళ్ళినవీ, విశ్వవిద్యాలయం ఏరి కొన్నవీ కలిపి బొమ్మలు ఒక పాత హాలు నిండా పేరుకుపోతే, చీకట్లో చెదలపాలు చేసేకంటే క్యాంపస్‌లో ఎవరికి ఏది నచ్చితే అది పట్టుకెళ్ళి తమ గోడకు తగిలించుకుని, ఏడాది తిరగ్గానే తెచ్చి ఇవ్వమని మా సారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో చీటీ రాసి బొమ్మ వెనక అంటించడం నా పని. లైబ్రరీ వాళ్ళు, హాస్టలు వాళ్ళు, దవాఖాన వాళ్ళు వచ్చి పెళ్ళికి చీరలు ఎంచినట్లు గంటల తరబడి ఎంచుకునేవారు. లెక్కల శాఖవారు ఎప్పుడూ పూల బొమ్మలే అడిగేవారు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మా సారుకు తెలుగంటే ప్రాణం. గుమ్మం మీద లోన్ సెక్షన్ అని ఉన్న రేకు పీకించి "ఎరువు విభాగం" అని పెద్ద అక్షరాలతో రాయించారు. ఎరువు సొమ్ము బరువు చేటు అనే సామెతలో ఉన్న ఎరువన్నమాట, వాడుకుని అదే వస్తువును తిరిగి ఇచ్చేది. మా మంచాల, కందుకూరు వైపు మాత్రం ఎరువంటే పొలంలో చల్లేది ఒక్కటే. నేను ఎరువు విభాగంలో ఉన్నానన్న కబురు చుట్టాల్లో పాకిపోయి, ఒక వానాకాలం మంచాల నుంచి మా మేనమామ ఖాళీ సంచులు చంకన పెట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చేశాడు.

"బోర్డు మీద గంత పెద్దగ రాసుకొని యూరియా లేదంటవేందే? సొంత మేనమామకు గూడ లేదా?" అని అలిగి గుమ్మంలోనే కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం కడుపుబ్బ నవ్వి, చాయ్ తెప్పించి, అంత దూరం వచ్చిన మనిషిని ఊరికే ఎలా పంపుతామంటూ హాలంతా తిప్పి చూపించారు. అట్లా తిరుగుతూ తిరుగుతూ మామ ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు. ఎవరో విద్యార్థి ఎప్పుడో మా ఊరి కట్ట మీద కూర్చుని వేసిన పెద్దచెరువు: అంచు దాకా నీళ్ళు, ఒక తెప్ప, వల లాగుతున్న ఇద్దరు మనుషులు. మామ తిరుగుదారిలో మా ఇంట్లో ఆగి, సంచుల సంగతి దాచాడు గానీ బొమ్మ సంగతి మా బాపుకు చెప్పాడు.

మాది చేపలు పట్టే ఇల్లు. నేను ఉద్యోగంలో చేరేనాటికే చెరువు ఎండిపోయి తుమ్మలు మొలిచాయి. బాపు ఊరి బయట ప్లాట్ల వెంచరుకు కాపలా కాసేవాడు. నీళ్ళ మీద బతికినోడు హద్దురాళ్ళకు కావలి ఉండుడేందని అమ్మ గొణిగేది. ఆయన వల మాత్రం ఇంట్లో దూలానికి వేలాడుతూనే ఉండేది, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. మామ వచ్చి చెప్పిన మరునాడు పొద్దున బస్సు దాకా నా వెంట నడిచి వచ్చాడు.

"బిడ్డా, గా చెరువును మనకు ఎరువుకు ఇస్తరా? నీళ్ళు సూడక మస్తు దినాలాయె. కండ్లు మసకవడుతున్నయి. ఒక్క ఏడాది ఉంచుకొని ఇచ్చేద్దం."

మా వైపు వాళ్ళలో ఆ మాటను సారు చెప్పిన అర్థంలో పలికింది మా బాపు ఒక్కడే. వల చినిగిననాడు ఇంకొకరి వలను ఎరువుకు తెచ్చుకోవడం చేపలు పట్టేవాళ్ళలో ఉండేదట. చెరువుతోపాటు ఆ మాటా ఎండిపోయింది.

అంతకుముందు బాపు నన్ను ఏదీ అడిగి ఎరగడు. అయితే క్యాంపస్ గోడలకు తప్ప ఇళ్ళకు ఇవ్వకూడదని నిబంధన. నీళ్ళు నములుతూ సారుకు చెప్పాను. ఆయన రిజిస్టరు తెరుస్తూ, మీ ఊరి కాలేజీలో మన దూరవిద్య కేంద్రం నడుస్తోంది కదా, ఆ గది మనదే, ఆ గోడా మనదే అన్నారు. ఆ సాయంత్రం బస్సు ఎంత మెల్లగా నడిచిందో నాకే తెలుసు.

అలా చెరువు ఇబ్రహీంపట్నం వచ్చింది. ఆ గదిలో ఆదివారాలు డిగ్రీ పాఠాలు జరిగేవి. బాపు కాపలా దిగి, స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాడు. పాఠం చెప్పే సారు కొత్త విద్యార్థి అనుకుని పేరు అడిగితే, "నేను చెరువుకు అచ్చిన సారూ, మీరు చెప్పుండ్రి" అన్నాడట. తర్వాత తర్వాత ఆయన జతగాళ్ళు కూడా రాసాగారు. తలగుడ్డలు ఒళ్ళో పెట్టుకుని చూసి, లేచి వెళ్ళిపోయేవారు.

ఏడాది తిరిగింది. పై ఆఫీసులో ఒక పెద్దాయన గదికి సరిగ్గా ఆ బొమ్మే కావాలని కబురు వచ్చింది. ఇంకొక ఏడాది ఉంచమని బతిమాలితే కుదరదన్నారు. ఆ మాట బాపుకు ఎలా చెప్పడమా అని ప్రాణం కొట్టుకుపోయింది. చెబితే ఆయన, "ఎరువుదే గదనే. సొంతందైతె గింతగనం సూస్తుంటిమా?" అన్నాడు.

దించే రోజు తానే వచ్చాడు. బొమ్మ వెనక తగిలించే తాడు చివికిపోయిందని దాన్ని తీసేసి, ఇంటి నుంచి తెచ్చిన తాడు కట్టి, వల అంచుకు వేసే ముడి వేశాడు. ఎరువుకు తెచ్చిన వలను ఆరబెట్టి, చినుగు కుట్టి మరీ ఇవ్వాలట, అది వాళ్ళ ఆచారం. ఆ తాడు తన వల నుంచే కోశాడని ఇంటికి పోయి దూలం వైపు చూశాకగానీ నాకు తెలియలేదు.

దుప్పటి చుట్టి ఇద్దరం దాన్ని బస్సెక్కించాం. "ఏందది తాతా?" అన్నాడు కండక్టరు. "చెరువు," అన్నాడు బాపు. "అయితె లగేజీ టికెట్ తీస్కో." బస్సంతా నవ్వింది, బాపు కూడా నవ్వాడు.

చాలా ఏళ్ళకు వానలు దంచికొట్టి చెరువు నిజంగానే నిండి అలుగు పారింది. బాపు అప్పటికి లేడు. ఊరంతా కట్ట మీదికి వచ్చి ఫోటోలు దిగుతుంటే నేను ఒక పక్కన నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు బొమ్మలకేం కొదువ, వెలిసిపోతే తీసి పారేసి ఇంకొకటి తెప్పించుకుంటారు. గడువు లేదు, బతిమాలుకోవడం లేదు, మంచిదే. కానీ ఆ కాలేజీ గదిలో నేనున్నంత సేపూ ఎవరూ ఆ గోడవైపు తలెత్తి చూడలేదు.

చీటీ కోసమని మనవరాలితో అన్నాను గానీ, నేను తడిమింది చీటీ కోసం కాదు. ఆ పెద్దాయన గది ఇప్పుడు ఎవరిదో, బొమ్మ ఏ గోడకు చేరిందో నాకు తెలియదు. ఎక్కడున్నా మా బాపు వల తాడు మీదే వేలాడుతూ ఉండాలి. మొన్న నా వేళ్ళకు తగిలినవి మాత్రం రెండు ప్లాస్టిక్ కొక్కేలు.