కంజీర, స్పాంజి, మా పెరటి ఉడుము

ఈ ఆదివారం మనవరాలు కొత్త కంజీరను శ్రుతి తగ్గడానికి తడిచేత్తో రుద్దుతుంటే, ఆ తడి తోలు వాసనకి ఇది రాస్తున్నాను.

మనం పలకలు తుడిచిన సముద్రపు స్పాంజి గుర్తుందా? 1960ల చివర, శ్రీకూర్మంలో, భజనల్లో కంజీర వాయించే మా తాతయ్య, "అదీ ఒకప్పుడు జంతువేనే, నువ్వు కోడిగుడ్లు తినబెట్టి మచ్చిక సేసిన ఉడుములాగ" అన్నారు.

"మరి కాళ్ళేవి తాతా?"

"కదలకుండా కూకుంటాది, మీ అత్తలాగ."

"నీ కంజీరకి ఉడుము తోలు తియ్యవు కదా?"

"ఒసే, నానేటి సేత్తానే దాన్ని!"

వారానికల్లా ఉడుము కనబడలేదు. తాతయ్య కంజీరకి కొత్త తోలు వచ్చింది. నా స్పాంజితోనే తడపమన్నారు. తడి తగలగానే నాకు తెలిసిన పసుపు మచ్చలు తేలాయి. "నీ సెయ్యి మంచిదే" అని మెచ్చుకున్నారు.

ఇక జరగాల్సినవి:

1. ఈ కంజీరది ఏ తోలో రేపు దుకాణంలో అడగాలి.
2. ఉడుముదైతే వెనక్కిచ్చెయ్యాలి.
3. ఎందుకని మనవరాలు అడిగితే, నేను నిజమే చెప్పాలి.