లక్ష్మీనర్సయ్యకు పట్టిన జ్ఞానం

మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే లక్ష్మీనర్సయ్య నోటికి జడవనివాళ్లు లేరు. హమాలీల నుంచి కట్టుకున్న ఆండాళు దాకా ఎవరినీ వదిలేవాడు కాదు. 1968 ఎండాకాలంలో ఆయన ప్రకృతి వైద్యం మీద ఉపన్యాసమొకటి విని వచ్చి, ఉప్పు విషమని తేల్చేశాడు. చప్పిడి కూడు తింటూ, ఒంట్లో మలినం కడిగేయాలని పొద్దస్తమానం చెంబుల కొద్దీ నీళ్లు తాగసాగాడు.

కొన్నాళ్లకు వాంతులయ్యాయి. మలినం పోతోందని సంబరపడ్డాడు. తలనొప్పి వచ్చింది. అదీ మలినమే అన్నాడు. తర్వాత నడక తూలింది, మాట మెత్తబడింది. ధాన్యం ధర అడిగిన రైతును చూసి, "నువ్వే చెప్పు బిడ్డా" అని నవ్వాడు. అది విన్నవాళ్లు ఆయనకు దండాలు పెట్టడం మొదలుపెట్టారు.

"వదినా, అన్నకు జ్ఞానమొచ్చింది. పొద్దుగాల్నుంచి ఒక్కర్ని తిట్టలే," అన్నాడు మరిది కాశీరాం, కళ్లొత్తుకుంటూ.

"గదే నా భయం. ఇందాక నా పేరేందని అడిగిండు. జ్ఞానమొస్తే పెండ్లాం పేరు మర్సిపోతరా?"

"పెద్ద సాధువులకు గట్లనే అయితదట!"

మర్నాడు దండాలు పెట్టేవాళ్ల ముందే ఆయన కాళ్లూ చేతులూ కొట్టుకుని పడిపోయాడు. భక్తులు తలో దిక్కూ జారుకున్నారు. ఆండాళు జీపు మాట్లాడి సూర్యాపేటలో సత్యానందం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. తిండీ నీళ్ల సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"రక్తంలో ఉప్పు పల్చబడిందమ్మా. మెదడుకు నీరు పట్టింది," అంటూ డాక్టరు పరీక్షకు రక్తం తీశాడు.

"ఉప్పునీళ్లు తాగిస్త సార్," అన్నాడు కాశీరాం.

"తెలివి లేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. సూదితో ఎక్కించాలి. అదీ మెల్లగా. తొందరపడితే మెదడు దెబ్బతింటుంది. తెలివొచ్చాక కూడా నేను చెప్పినన్ని నీళ్లే ఇవ్వాలి."

తెలివొచ్చిన లక్ష్మీనర్సయ్య మొదట నీళ్లడిగాడు. ఇవ్వనందుకు దవాఖాన అదిరేలా తిట్టాడు. కాశీరాం గురువును పోగొట్టుకున్నవాడిలా దిగాలుపడ్డాడు. ఆండాళు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ హాయి రెండో తిట్టు దాకానే నిలిచింది.

ఇంటికొచ్చాక, ప్రకృతి వైద్యం మంచిదేననీ, వండిపెట్టే ఆడదాని చేతి వాసి లేక చెడిందనీ ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆండాళు కొలిచిన నీళ్లే ఇచ్చింది. నీళ్లు ఇక దాహమైనంత తాగొచ్చని డాక్టరు చెప్పిన సంగతి వారం దాకా ఆయన చెవిన వేయలేదు.