కాజాలక్కకి ఏమీ లేదు

చొక్కాలు కుట్టే కంపెనీలో కాజాల మిషను మీద పనిచేసేది కాబట్టి ఆవిడని అందరూ కాజాలక్క అనేవారు. ఆవిడకీ, టైర్లకు పంక్చర్లు వేసే మొగుడికీ ఒకే ఏడాది షుగరు బయటపడింది. ఆయన కొన్నాళ్లు మాత్రలు మింగి, "నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నా" అని మానేశాడు. ఆవిడ మాత్రం నోరు కట్టుకుని, చెప్పింది చెప్పినట్టు చేసింది.

రిపోర్టు చూసి డాక్టరు మురిసిపోయాడు. "నా దగ్గరకొచ్చేవాళ్లలో మీరే ఫస్టమ్మా!"

"మధ్యాహ్నమయ్యేసరికి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి సార్. అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టున్నాయి."

ఆయన కాగితం వైపు మళ్లీ చూశాడు. "మూడు నెలల సగటు ఇంత బాగుంటే ఇంకేం కావాలి? ఎక్కువ ఆలోచించకండి."

ఇంటికొచ్చి చెబితే మొగుడు పగలబడి నవ్వాడు. "డాక్టరే బాగున్నావంటే కాదనడానికి నువ్వెవరివే?" కూతురు కూడా, "నీకన్నీ అనుమానాలేనమ్మా" అంది.

ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి మిషను మీదకి వాలిపోయింది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. పక్క మిషనావిడ పంచదార నీళ్లు తాగిస్తే తేరుకుంది. తీరా ఆస్పత్రికి వెళ్లేసరికి రక్తంలో షుగరు ఉండాల్సినంతే ఉంది. వేలికి కట్టు కట్టి పంపేశారు. సూపర్‌వైజరు ఆవిడని మిషను మీంచి తీసేసి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర వేశాడు. రోజంతా నిలబడి చేసే పని. ఆ తర్వాత ఆవిడ తన ఒంటి సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంతలో ఒక పొద్దున మొగుడు టీ గ్లాసు అందుకోబోయి గాల్లో తడిమాడు. "కళ్ల ముందు నల్లగా ఏదో దిగుతోందే!" ఆస్పత్రిలో చూసి, షుగరు ముదిరి రెండు కళ్లలోనూ రక్తం చిమ్మిందన్నారు. చూపు ఇక రావడం కష్టమన్నారు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాగా సార్!" అంటూ ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు.

చుట్టాలంతా ఆయన్ని చూడ్డానికొచ్చారు. వెళ్లేటప్పుడు ఆవిడ భుజం తట్టి, "నువ్వన్నా ఆరోగ్యంగా ఉన్నావు, అంతే చాలు" అన్నారు. ఆవిడ తలూపింది.

ఇప్పుడు ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిపించేది ఆవిడే. మొన్న మెట్ల మధ్యలో కాళ్లు భగ్గుమని, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఏంటే, ఆగావ్?"

"చెప్పు తెగింది."

"సమయానికే తెగుతాయి నీ చెప్పులు!" అని విసుక్కున్నాడాయన. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని పై మెట్టు ఎక్కింది.