కూసున్నయ్య ఒడిల రాళ్లు

మా ఊరు పెద్దమందడి దిక్కు. ఊరెనుక ఒక గుట్ట ఉంటది. పెద్దదేం గాదు, మెల్లగ ఎక్కినా ఇరవై నిమిషాలు. సగం దాంక తునికి చెట్లు, ఆ మీదికెల్లి ఉత్త బండ. కొసకు ఒక రాతిమనిషి కూసోని ఉంటడు. కాళ్లు మడిచి, ఒడిల చేతులు వెట్టుకోని, కండ్లు సగం మూసుకోని ఉంటడు. ముక్కు ఎన్నడో పోయింది. ఆయనెవలో, ఎవలు చెక్కిండ్రో మా ఊర్ల ఎవలకు తెల్వదు. మేము కూసున్నయ్య అంటం. సాయబులు బైఠే బాబా అంటరు. చర్చికి పోయెటోళ్లు ఏ పేరు వెట్టి పిలువరు గని మొక్కు మాత్రం వాళ్లు గూడ తప్పరు. పాస్టరుకు చెప్పరు, అంతే.

ఆ మొక్కు ఏందంటే, బొంబాయికో పూనాకో మట్టి పనికి పోయెటోళ్లు లారీ ఎక్కే రోజు పొద్దుగాల గుట్టెక్కుతరు. తోవల దొరికిన చిన్న రాయి ఒకటి తీస్కపోయి కూసున్నయ్య ఒడిల పెడుతరు. తిరిగొచ్చినంక ఎవల రాయి వాళ్లు తీసి గుట్ట కిందికి ఇసిరేస్తరు. కొబ్బరికాయ లేదు, ఊదుబత్తి లేదు. ఒడిల రాయి ఉన్నదంటే మనిషి బయట బతుకుతున్నడని లెక్క. ఏ ఇంటి జాగ ఆ ఇంటికి ఉంటది. ఒకలది కుడి మోకాలు, ఒకలది చేతుల నడుమ, మాది ఎడమ మోకాలు. రాళ్లన్ని ఒక్క తీరుగనే ఉంటయ్ గన్క జాగను చూసే గుర్తువడుతరు.

మా నాయిన ఎడమ మోకాలు మీద రాయి వెట్టిపోయి అప్పటికి ఆరేండ్లు. పూనా దిక్కు కాలువ పని. ఒకనాడు పొద్దుగాల లేచి చాయ తాగనీకె పోయిండంట, మళ్ల రాలేదంట. మేస్త్రీ గంతే చెప్పిండు. సచ్చిండని ఎవలు చెప్పలే, బతికున్నడని ఎవలు చెప్పలే. అమ్మ గాజులు తియ్యలే, బొట్టు తియ్యలే. అడిగినోళ్లందరికి ఒక్కటే జవాబు.

"రాయి ఉన్నది గదా."

ప్రతి అమాసకు గుట్టెక్కి చూసొస్తుండె. నాకు మండేది. నేను వనపర్తిల డిగ్రీ చదివి ఊరి బడిల విద్యా వాలంటీరుగ చేస్తుంటి. పోరగాండ్లకు సైన్సు చెప్పి ఇంటికొస్తే ఇంట్ల గీ రాళ్ల ముచ్చట. ఒకసారి ఆగలేక అన్న, "రాయి ఉంటే మనిషొస్తడానే? నేను పూనా పోలీసులకు దరఖాస్తు రాస్త, వాళ్లు దేవులాడుతరు" అని. అమ్మ అన్నం తినుకుంట నోట్లకెల్లి ఒక రాయి తీసి గిన్నె అంచున వెట్టింది. ఆ పూట వండింది నేను. "కూట్లె రాయి తియ్యనోళ్లు ఏట్లె రాయి తీస్తరంట" అన్నది. నాకు నవ్వొచ్చింది, కోపం గూడ వచ్చింది.

ఆ ఏడు ఎండకాలం బిజినేపల్లిల మా పెద్దనాయిన బిడ్డ పెండ్లి కుదిరింది. పది రోజుల ముందు పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. చెడ్డది గాదు మా పెద్దమ్మ, లోకానికి భయపడే మనిషి. మంచినీళ్లు తాగి, జర సేపు ఆ ముచ్చట ఈ ముచ్చట చెప్పి, అసలు సంగతికొచ్చింది.

"చెల్లె, పసుపు కొట్టే కాడ ముత్తైదువలే కూసోవాలె. ఆడ నువ్వు రోకలి వడితే పిల్లగాని దిక్కోళ్లు ఏమన్న అంటరేమో. ఆరేండ్లాయె. నువ్వే ఒక మాట తేల్చుకో."

"రాయి ఉన్నది అక్కా" అన్నది అమ్మ.

పెద్దమ్మ కూసున్నయ్యకు భయపడుతది. "సరే. రాయి ఉన్నంత కాలం నేనేమనను" అని లేచిపోయింది. ఆమె పోయినంక అమ్మ తలుపు దగ్గరికేసి శానసేపు ఏడ్చింది. అమ్మను గట్ల చూసి నా పానం ఊకోలే. పెద్దమ్మ మీద, నాయిన మీద, ఆ రాతిమనిషి మీద, అందరి మీద కోపమే వచ్చింది.

రెండ్రోజులకు వనపర్తి కాలేజీల చరిత్ర చెప్పే సారు ఒకాయన స్కూటరు మీద వచ్చిండు. పెద్ద వయసాయన. గుట్ట మీద పాత విగ్రహం ఉన్నదని ఎవలో చెప్పిండ్రంట. హెడ్మాస్టరు నన్ను తోడిచ్చి పంపిండు. సారు పది అడుగులకొకసారి ఆగి దమ్ము తీసుకుంట ఎక్కిండు. పైన కూసున్నయ్యను చూడంగనే చెప్పులిడిసి నిలవడ్డడు. "బుద్ధుడమ్మా. వెయ్యేండ్ల కంటె పాతదే ఉంటది" అన్నడు. కొరియా దేశంల గూడ గిట్లనే గుట్టల మీద బుద్ధుడు ఉంటడంట, అక్కడి జనం ఆయన ముంగట చిన్న చిన్న రాళ్లు పేరుస్తరంట, ఏదో పుస్తకంల చూసిండంట. గంత చెప్పి, కెమెరా తీసి, "ఒడిల గా రాళ్లు అడ్డమొస్తున్నయ్, చేతులు కనవడాలె, జర తీస్తరా?" అన్నడు. కొరియాల రాళ్లు ముద్దొచ్చినయ్, మా రాళ్లు అడ్డమొచ్చినయ్.

నేను కాదనాలె. అనలే. చదువుకున్నదాన్ని గదా, సారు ముంగట ఇవి మొక్కు రాళ్లు అని చెప్పనీకె సిగ్గైంది. ఫొటో కాంగనే మళ్ల వెడితే అయిపాయె అనుకోని రాళ్లన్ని చున్నీల ఏసుకున్న. ఆయన నాలుగు ఫొటోలు తీసుకోని, దండం వెట్టి, తోవ తెలిసింది నువ్వు నిమ్మళంగ రమ్మని దిగిపోయిండు. అప్పుడు చున్నీ ఇప్పి చూస్తే తొమ్మిది రాళ్లు. ఏది ఎక్కడిదో తెల్వదు. మా నాయినది ఏదో తెల్వదు. అన్నిటిని కుప్పవోసినట్టు ఒడిల ఏసి దిగొచ్చిన. ఇంట్ల ఏం చెప్పలే.

తెల్లారి అమాస. ఎన్నడు అమ్మ ఎంట పోనిదాన్ని ఆనాడు నేను గూడ వస్త అన్న. "ఏందే, పొద్దు పడమటికెల్లి పొడిసిందా?" అన్నది అమ్మ. ఆమెకు మోకాలు నొస్తుండె. చెట్లు దాటేదాంక మూడుసార్లు కూసున్నది. కూసున్నప్పుడల్ల చెప్పుదామనుకున్న. ఒకపారి తునికిపండ్లు ఏరి నా చేతిల వెట్టింది, తింటుంటే చెప్పలేకపోయిన. ఇంకోపారి పెండ్లికి ఏ చీర కట్టాలె అని అడిగింది. ఆ ఇరవై నిమిషాల తోవ నాకు గంటన్నర అయినట్టనిపిచ్చింది.

అమ్మ ముందుగాల ఎడమ మోకాలు చూసింది. ఉత్తగ ఉన్నది. తర్వాత ఒడిల కుప్ప చూసింది. చెయ్యి పోయి బండను వట్టుకున్నది.

"ఎవలు తీసిండ్రు?"

"నేనే అమ్మా." సారు సంగతంత చెప్పిన. చెప్పుకుంట ఏడుస్తనే ఉన్న.

తిడుతదనుకున్న. తిట్టలే. కొంగుతోని మొఖం తుడుసుకున్నది, కూసున్నయ్య ముంగట చతికిలబడి రాళ్లన్ని కింద పరిచింది. ఒక్కొక్కటి చేతిల వట్టుకోని చూసుకుంట, "ఇది దర్జీ కొడుకుది" అని కుడి మోకాలు మీద వెట్టింది. "ఇది పీర్ల చావిడి పక్కింటి పెద్దోనిది, ఇది చిన్నోనిది." "ఇది చర్చి ఎనుక ఇంటి మొగుడు పెండ్లాలయి." ఎక్కడ ఆగలే, ఎక్కడ తడుముకోలే. ఎనిమిది అయినయ్. ఆఖరుది అరచేతుల శానసేపు వట్టుకున్నది. "ఇది మీ నాయినది" అని ఎడమ మోకాలు మీద వెట్టింది. నాకు పానం లేచొచ్చింది.

దిగేటప్పుడు అడిగిన, "ఎట్ల గుర్తువట్టినవ్ అమ్మా? అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్ గదా."

"గుర్తువట్టలే" అన్నది. "పోయినోళ్లు ఎవలో యాదికున్నది. రాళ్లు ఏవైతేంది."

"మరి నాయినది?"

"గది గూడ తెల్వదు బిడ్డా. నువ్వు ఏడుస్తుంటే చూడలేక ఏదో ఒకటి వెట్టిన." నా భుజం వట్టుకోని ఒక అడుగు దిగి ఆగింది. "పెండ్లిల నన్నడిగితే ఏం చెప్పాలెనో నాకే తెల్వదిగ."

అమ్మ గట్ల అనంగ నేను ఎన్నడు ఇనలే. ఆరేండ్లుగ ఎవలడిగినా టక్కున జవాబు చెప్పిన మనిషి. ఆ జవాబు పోగొట్టింది నేను.

పెండ్లికి పోయినం. పసుపు కొట్టే కాడ రోలు చుట్టు ఆడోళ్లు కూసున్నరు. అమ్మ గడప బయటనే నిలవడ్డది, లోపటికి రాలే. పిల్లగాని మేనత్తంట, ఒకామె అమ్మ బొట్టు దిక్కు, గాజుల దిక్కు చూసి పెద్దమ్మ చెవుల ఏదో అన్నది. పెద్దమ్మ మొఖం చిన్నగైంది. ఆమె అమ్మను అడగలే, నన్ను అడిగింది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి, గా రాళ్లు నమ్మవు, అబద్ధం చెప్పవు. మొన్న అమాసకు నువ్వు గూడ గుట్టెక్కినవంట. మీ నాయిన రాయి ఉన్నదా?"

అందరు నా దిక్కే చూస్తున్నరు. అమ్మ మాత్రం తల ఎత్తలే.

"ఉన్నది పెద్దమ్మా" అన్న. "ఎడమ మోకాలు మీద. నా కండ్లతోని చూసిన."

పెద్దమ్మ లేచి పోయి అమ్మ చెయ్యి వట్టి లోపటికి తోల్కొచ్చింది, రోకలి చేతికిచ్చింది.