లుక్ ఆఫ్టర్ పాప

‘లుక్ ఆఫ్టర్’ అన్న మాట ఎక్కడ కనిపించినా, హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఒకామె గుర్తొస్తుంది. ఆమె ఒళ్లో చిన్నపాప నిద్రపోతోంది. పెనుకొండ దాటాక, నా చేతిలోని ఇంగ్లీషు పేపరు చూసి ఆమె తన ఫోను నాకిచ్చింది.

“అన్నా, దీనికి అర్థమేమి?”

‘లుక్ ఆఫ్టర్ పాప’ అని ఉంది. పంపింది ఆమె చెల్లెలట. ఈ పాప ఆ చెల్లెలి బిడ్డేనట. బెంగుళూరు ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి ఉంటే, మాట్లాడలేక మెసేజ్ పెట్టి, మర్నాడే పోయిందట.

“లుక్ అంటే చూసేది, ఆఫ్టర్ అంటే తర్వాత గదా. బిడ్డను తర్వాత చూస్తానంటాంది అనుకుంటి. బాగైనాక చూద్దువులే, ఇప్పుడేం తొందర అని పెట్టినా. అది మళ్లీ ఏమీ పెట్టలేదు.”

అవునమ్మా, అదే అర్థం అనేద్దామా అనుకున్నాను. అనలేకపోయాను.

“ఆ రెండు మాటలూ కలిస్తే అర్థం వేరమ్మా. పాపను చూసుకో అని రాసింది.”

ఆమె ఫోను తీసుకుని, జారిన పాప తలను మోచేతి మీదికి సర్దుకుంది.

“చూసుకుంటూనే ఉన్నారు కదమ్మా,” అన్నాను.

“చూసుకుంటాండా అన్నా. ఆపొద్దే సరే అనింటే, ఆ మాట ఇని పోయిండేది.”

ధర్మవరంలో దిగేటప్పుడు పాప లేచి, అమ్మా అని ఏడ్చింది.

“ఈడనే ఉండా,” అందామె.